ఇంటిపేరు పట్టని బీటు

మొదట్లో నా దగ్గర పదకొండు హిప్ హాప్ బీట్లు ఉండేవి. నాలుగు నెలల్లో వాటిని అరవై నాలుగు చేశాను. నాతోపాటే కీబోర్డు వాయించే బెన్హర్ దగ్గర ఉన్నవి మూడే. అయినా ఏలూరులో మా ఆర్కెస్ట్రా గాయకులందరూ వాడి బీటే వేయమనేవారు.

మాది అరేంజర్ కీబోర్డు. ఎడమచేత్తో కార్డు, అంటే మూడు స్వరాలు కలిపి, పట్టుకుంటే చాలు, డ్రమ్ము, బేసు, గిటారు వాటంతటవే మోగుతాయి. ఒక్కో బీటుకు అందులో ఎనిమిది ట్రాకులు. ఫోన్లో విన్న బీటును విడదీసి ఆ ఎనిమిదింటిలో సర్దడం మేమిద్దరం ఎవరికి వాళ్లం నేర్చుకున్న పని. నేను ఎనిమిదీ నింపేవాణ్ని. వాడు మూడు నింపి ఐదు ఖాళీగా వదిలేసేవాడు. బద్ధకం అనుకున్నాను. ఆదివారం ప్రోగ్రాంకు కీబోర్డు దగ్గర వాణ్ని కూర్చోబెడతారని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

మా గురువు దేవసహాయం మాస్టారు. అడిగినదానికి నోటితో జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఏదో ఒకటి చేయించేవారు.

"మాస్టారూ, ఎనిమిది ఎక్కువా, మూడు ఎక్కువా?" అని అడిగాను.

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "నీ బీటు వెయ్యి. దాని మీద నీ పేరు చెప్పు, ర్యాప్ వాళ్లు చెప్తారే, అలాగ. ఇంటిపేరుతో సహా" అన్నారు.

వేశాను. "కొల్లా..." అనేలోపు గిటారు అడ్డం వచ్చింది. మళ్లీ మొదలుపెడితే "బత్తుల" మీద డ్రమ్ము దెబ్బ పడింది. మూడోసారి అరిచాను. రిహార్సల్‌కి వచ్చిన గాయని సునందక్క గుమ్మంలోనే ఆగి, "ఏంట్రా, వెళ్లిపోయే బస్సుని ఆపుతున్నావా?" అని నవ్వింది.

"ఇప్పుడు వాడిది వెయ్యి" అన్నారు మాస్టారు.

ఇష్టం లేకుండానే వేశాను. రెండు దెబ్బలు, ఒక బేసు మూలుగు, తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో "కొల్లాబత్తుల జయశీల్" మొత్తం పట్టింది. ఊపిరి తీసుకోవడానికి ఇంకో అర మాత్ర మిగిలింది కూడా. నా పేరు అంత బాగా నేనెప్పుడూ వినలేదు. అదీ వాడి బీటులో! చెవులు కాలిపోయాయి.

తల వంచుకుని నా బీటు మళ్లీ తెరిచాను. నాలుగో ట్రాకు తీసేసే బటన్ మీద వేలు పెట్టాను.

"బెన్హర్ ఇంటిపేరు నీదానికన్నా పొడుగురా," అన్నారు మాస్టారు. "అది పట్టేదాకా తియ్యి."