ముంగిస జీపూ చెలమ నీళ్ళూ

అనగనగా ఒక అడవి మధ్యలో రెండు ఫర్లాంగుల తారురోడ్డు ఉండేది. అడవిలో రోడ్డేమిటని అడుగుతారు కదూ? మనుషులు వేయడం మొదలుపెట్టి, తమ అలవాటు ప్రకారం మధ్యలో వదిలేసి పోయారు. పోతూ పోతూ రెండు పాత జీపులు కూడా వదిలేశారు. ఒకటి అడవిపంది కొండప్పకు దొరికింది, ఇంకొకటి ముంగిస చెంగయ్యకు. పెట్రోలు ఎక్కడిదని మాత్రం అడక్కండి. అడిగితే కథ ఇక్కడే ఆగిపోతుంది.

ఆ రోడ్డు చివర ఒక చెలమ ఉంది. చెలమంటే ఇసుక తవ్వితే నీళ్ళూరే గుంట. ఎండాకాలంలో ఆ అడవికంతా అదొక్కటే దిక్కు. అందరూ ఒక్కసారే దిగితే తొక్కిసలాట అవుతుంది కాబట్టి పెద్దలు ఒక కట్టుబాటు పెట్టారు. ఏటా ఎండలు ముదిరే ముందు జీపుల పందెం జరగాలి. మొత్తం మూడు పరుగులు. రెండు గెలిచినవాడి పక్షం ఆ వేసవంతా ముందు నీళ్ళు తాగాలి. ఓడినవాడి పక్షం తర్వాత తాగాలి. ఇంకో షరతు కూడా ఉంది. రోజూ సంతకు తిరిగే టైర్లతోనే పందానికి రావాలి. పందెం కోసమని ప్రత్యేకంగా టైర్లు తెచ్చి తగిలిస్తే ఒప్పుకోరు.

కొండప్ప వెనక పందులన్నీ ఉన్నాయి. చెంగయ్య వెనక కుందేళ్ళు, ఉడుతలు, ముంగిసలు, ఇంకా చిన్నాచితకా జీవాలన్నీ ఉన్నాయి. మూడేళ్ళుగా కొండప్పే గెలుస్తున్నాడు. పందులు ముందు దిగిన చెలమలో వెనకవాళ్ళకు ఏం మిగులుతుందో మీకు చెప్పాలా? బురద మిగులుతుంది. పోయిన వేసవిలో చెంగయ్య చిన్నకూతురు ఆ బురదనీళ్ళు తాగి నెలరోజులు మంచం పట్టింది. పిల్ల బతుకుతుందో లేదోనని చెంగయ్యకు కంటి మీద కునుకు లేదు. ఈసారి గెలిచి తీరాలని బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసుకున్నాడు.

ఒట్టయితే వేసుకున్నాడు గానీ, చెంగయ్యకు ఒక పిచ్చి ఉంది. అది చప్పట్ల పిచ్చి. ఎవరైనా చూస్తున్నారంటే చాలు, అతని మీసాలు వాటంతటవే నిక్కబొడుచుకునేవి. దానికి తోడు అతను పొట్టివాడు. సీటులో కూర్చుంటే కాళ్ళు ఆక్సిలరేటరుకు అందవు. అందుకని దానికి ఒక చెక్కదిమ్మ కట్టించుకున్నాడు. బయలుదేరేటప్పుడు రెండు కాళ్ళూ ఎత్తి ఆ దిమ్మ మీదికి దూకేవాడు. మెల్లగా తొక్కడమనే మాట అతనికి తెలియదు.

పందెం రోజు వచ్చింది. రోడ్డు పక్క బండల మీద కొండముచ్చులు కిక్కిరిసి కూర్చున్నాయి. గీత దగ్గర కొంగ ఒంటికాలి మీద నిలబడింది. కొంగ రెండో కాలు కింద పెట్టిందంటే బండ్లు బయలుదేరాలి.

చెంగయ్య ఏర్పాట్లకు లోటు చేసే రకం కాదు. టైర్లు నల్లగా నిగనిగలాడాలని నాలుగింటికీ ఆముదం పూశాడు. ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ పెట్టాడు. బండి ముందు కొబ్బరికాయ కొట్టాడు. ఆఖరికి దిష్టి తీసిన గుమ్మడికాయను జీపు వెనకవైపు ఫెడేల్మని పగలగొట్టాడు. గుజ్జూ గింజలూ వెనక టైర్ల కిందిదాకా పరుచుకున్నాయి.

కొండప్పకు కూడా వాళ్ళ వాళ్ళు ఒక దిష్టి గుమ్మడికాయ ఇచ్చారు. కొండప్ప దాన్ని పగలగొట్టలేదు, తినేశాడు.

కొంగ కాలు దించింది. చెంగయ్య దిమ్మ మీదికి ఎగిరి దూకాడు. జీపు అడవి అదిరిపోయేలా అరిచింది. వెనక చక్రాలు గిర్రుమని తిరిగాయి. గుమ్మడి గింజలు తుపాకీ గుళ్ళలాగా ఎగిరి కొంగకు తగిలాయి. తెల్లటి పొగ లేచింది. ఇంత హడావుడిలోనూ జీపు ఉన్నచోటి నుంచి జానెడైనా కదల్లేదు. కొండప్ప మాత్రం ఏ హడావుడీ లేకుండా, గుమ్మడిముక్క నములుతూనే వెళ్ళి చెలమ దగ్గర ఆగాడు.

కొండముచ్చులకు మాత్రం పండగైపోయింది. "అబ్బబ్బా, ఏం పొగ! ఏం పొగ!" అని ఈలలు వేసి గంతులేశాయి.

చెంగయ్య సీటు మీద నిలబడి నాలుగు దిక్కులకూ దండాలు పెట్టాడు. ఓడిపోయిన సంగతి అతనికి కాసేపటిదాకా గుర్తు రాలేదు. గుర్తు చేసింది పెళ్ళాం సుంకులమ్మ. చిన్నకూతురిని చంకనేసుకుని జీపు దగ్గరికి వచ్చింది.

"శానా బాగుండాదయ్యా. ఈ ఎండాకాలం బిడ్డకు ఈ పొగే తాపిద్దాం. నీళ్ళెందుకు?" అంది.

చెంగయ్య ముఖం మాడిపోయింది. ఇక మిగిలిన రెండు పరుగులూ గెలవాలి. ఒక్కటి పోయినా మళ్ళీ బురదే. అతను పరుగు పరుగున ఓబులమ్మవ్వ దగ్గరికి వెళ్ళాడు. ఓబులమ్మవ్వ ముసలి ఉడుము. రోడ్డు పక్కనే ఒక బండ నీడలో కూర్చుని పంక్చర్లు వేస్తుంటుంది.

"అవ్వా, నా బండికి బలం చాల్లేదు. ఇంజనుకు ఏమన్నా చెయ్యి" అన్నాడు.

"బలం చాలక కాదురా, ఎక్కువై ఏడుస్తాండావు" అంటూ ఓబులమ్మవ్వ బండను కరుచుకుని పడుకుంది. "ఏదీ, నన్ను లాగు చూద్దాం."

చెంగయ్య తోక పట్టుకుని లాగాడు. కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. పళ్ళు బిగించి లాగాడు. చివరికి పట్టు జారి వెల్లకిలా పడ్డాడు. అవ్వ వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"ముసల్దాన్ని. నాకేం బలముండాదని కదల్లేదు?" అని అడిగింది.

"రాయిని గట్టిగా పట్టుకుంటివి కదవ్వా."

"అదే నేను చెప్పేది. నీ టైరు నేలను పట్టుకోకముందే నువ్వు దాన్ని ఉరకమంటాండావు. అది ఉన్నచోటే గిరగిరా తిరుగుతాది. నువ్వు పెట్టిన బలమంతా పొగై పోతాది. పద, బండి చూద్దాం."

జీపు చూడగానే అవ్వ నెత్తి కొట్టుకుంది. "టైరుకు ఆముదం పూసినోణ్ణి నిన్నే చూస్తాండా. అది టైరా, బాలింత తలా?"

ముందు గోనెపట్టాతో టైర్లన్నీ పొడిగా తుడిపించింది. తర్వాత వెనక టైర్లలో కొంచెం గాలి తీసింది.

"గాలి తీస్తే బండి కూలబడదా అవ్వా?" అని చెంగయ్య కంగారుపడ్డాడు.

"అంతా తీస్తే కూలబడతాది. కొంచెం తీస్తే పట్టుకుంటాది. ఉబ్బిపోయిన టైరు నేలను వేలితో తాకుతాది. మెత్తబడిన టైరు అరచెయ్యి పరుస్తాది. పందెమంతా అయిపోయినాక మళ్ళా నింపుకో" అంది అవ్వ.

జీపును గుమ్మడి గుజ్జు మీద నుంచి పక్కకు తీయించి, గీత మీదే పొడిగా ఉన్నచోట నిలబెట్టించింది.

"దిష్టి తియ్యకపోతే ఎట్లవ్వా?" అన్నాడు చెంగయ్య దిగులుగా.

"తియ్యొద్దని ఎవరన్నారు? గెలిచినాక తియ్యి. ఇంగ ఒక మాట చెప్పు. పెట్ట పొదిగే గంపలో నుంచి గుడ్డు ఎట్లా తీస్తావు? గంప మీదికి దూకుతావా?"

"దూకితే పెట్ట కళ్ళు పొడుస్తాది. మెల్లగా మూతి పెట్టి, అది కదిలితే నేను ఆగి, అది సర్దుకుంటే నేను జరిగి, అట్లా తీస్తా."

"ఆ దిమ్మను కూడా అట్లనే తొక్కు. బండి కదిలిందాకా ఆగి, కదిలినాక కొంచెం, ఉరికినాక ఇంకొంచెం. చక్రం జారినట్టు తెలిస్తే కాలు ఎత్తు."

రెండో పరుగు మొదలైంది. కొంగ ఈసారి దూరంగా నిలబడి కాలు దించింది. చెంగయ్య ఊపిరి బిగబట్టి దిమ్మ మీద ఒక్క కాలివేలు ఆనించాడు. జీపు చడీచప్పుడు లేకుండా కదిలింది. ఇంకో వేలు ఆనించాడు. జీపు వేగం పుంజుకుంది. ఆ తర్వాత పాదమంతా మోపాడు. బండీ తేలిక, తోలేవాడూ తేలిక. సగం దారిలో కొండప్పను దాటేశాడు. మూరెడు తేడాతో గెలిచేశాడు.

ఎంత మెప్పు వస్తుందోనని చెంగయ్య వెనక్కి తిరిగి చూశాడు. కొండముచ్చులు ఆవలిస్తున్నాయి.

"ఏందబ్బా ఇది? పెండ్లికూతుర్ని అత్తగారింటికి తోలుకపోతాండావా?" అని ఒకటి వెక్కిరించింది. "పాత చెంగయ్యే నయం. ఆ పొగ ఏది?" అంది ఇంకొకటి.

గెలిచానన్న సంతోషం చెంగయ్యకు సగం చచ్చిపోయింది. అటు కొండప్ప పరిస్థితి కూడా ఏమీ బాగాలేదు. ఆయన చెంగయ్య జీపు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"అల్లుడా, ఒక సంగతి చెప్పు. మూడేండ్లుగా గెలుస్తాండా, ఒక్క కొండముచ్చయినా నాకు ఈల వేయలేదు. నువ్వు ఓడిపోతే మాత్రం అన్ని ఈలలు వేసినారు. ఆ పొగ ఎట్లా వచ్చింది?" అని గుసగుసగా అడిగాడు.

"దూకితే వస్తాది మామా" అన్నాడు చెంగయ్య. ఉన్నమాటే చెప్పాడు.

ఆఖరి పరుగుకు రెండు జీపులూ గీత దగ్గరికి వచ్చాయి. కొండముచ్చులన్నీ లేచి నిలబడ్డాయి. "పొగ! పొగ! పొగ!" అని తాళం వేస్తూ అరవసాగాయి. చెంగయ్య మీసాలు నిక్కబొడుచుకున్నాయి. రెండు కాళ్ళూ వాటంతటవే పైకి లేచాయి. ఒక్కసారి దూకితే చాలు, ఆ అరుపులన్నీ తనవే. ఇంత మంది ఇంతగా బతిమాలుతుంటే కాదనడం ఎంత కష్టమో అతనికి ఆ క్షణాన తెలిసింది.

అప్పుడే గుంపులో నుంచి సన్నటి దగ్గు వినబడింది. చిన్నకూతురు దగ్గుతోంది. పోయిన వేసవి నుంచి ఆ దగ్గు పూర్తిగా తగ్గనేలేదు. చెంగయ్యకు సిగ్గేసింది. లేచిన కాళ్ళు మెల్లగా దించుకున్నాడు.

కొంగ కాలు దించింది. చెంగయ్య ఒక్క వేలు ఆనించాడు.

పక్కన మాత్రం భూమి దద్దరిల్లింది. కొండప్ప తన భారీ శరీరాన్ని ఎత్తి ఆక్సిలరేటరు మీద కుదేశాడు. చక్రాలు గిరగిరా తిరిగాయి. రబ్బరు మాడిన కంపు గుప్పుమంది. అంత పొగ ఆ అడవిలో అంతకుముందు ఎవరూ చూడలేదు. కొండముచ్చులు వెర్రెత్తిపోయాయి. "కొండప్పా! కొండప్పా!" అని ఈలలు, కేకలు! పొగలో నుంచి కొండప్ప రెండు చేతులూ ఎత్తి ఊపాడు. ఆయన జీపు మాత్రం గీత దాటలేదు.

చెంగయ్య చెలమ దగ్గరికి చేరినప్పుడు అతన్ని చూసినవాళ్ళే లేరు. అందరి ముఖాలూ పొగవైపే ఉన్నాయి. ఒక్కరి చప్పట్లయినా వినబడలేదు. జీపు దిగి, తన గెలుపును తానే చూసుకుంటూ కాసేపు ఒంటరిగా నిలబడ్డాడు. మనసుకు కష్టంగానే అనిపించింది.

ఇంతలో సుంకులమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని ఆయాసపడుతూ వచ్చింది. వెనకనే కుందేళ్ళు, ఉడుతలు వరసగా వచ్చాయి. చిన్నకూతురు చెలమలోకి వంగింది. నీళ్ళ అడుగున ఇసుకరేణువులు కూడా కనబడుతున్నాయి. ఆ పిల్ల ఇంతకుముందు అలాంటి నీళ్ళు చూడలేదు. కాసేపు తాగకుండా చూస్తూనే ఉండిపోయింది. తర్వాత గుటకలు వేసుకుంటూ తాగింది.

"తియ్యగా ఉండాయి నాయనా" అంది తల ఎత్తి.

చెంగయ్యకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

చిన్న జీవాలన్నీ తాగి పక్కకు జరిగాక కొండప్ప తన పరివారంతో వచ్చాడు. ముఖమంతా మసి, మూతినిండా నవ్వు. తనకు పడిన ఈలల లెక్క అందరికీ చెబుతూనే నీళ్ళు తాగి, తర్వాత బురదలో దిగి బోర్లా పడుకున్నాడు. వెనక ఎవరూ కాచుకుని లేరు. లేవమని గొడవ చేసేవాళ్ళు లేరు. సాయంత్రందాకా హాయిగా పొర్లాడు.

"ఏమే, మూడేండ్లు అనవసరంగా గెలిచినాం కదే" అన్నాడు పెళ్ళాంతో.

నీతి: చూసేవాళ్ళ మెప్పు కోసం చూపించే బలం పొగైపోతుంది, కాలు నిలదొక్కుకుని, పనికి ఎంత కావాలో అంతే పెట్టిన బలమే గమ్యం చేరుస్తుంది.