పక్క సీటులోని బ్రేకు

వ్యాను పేరు చెబితేనే దస్తగిరికి భయం పుట్టేది.

కొండమీది దర్గాకు ఒక పాత వ్యాను ఉంది. చుట్టుపక్కల గూడేల్లో ఎవరికి జబ్బు చేసినా కింద ఊళ్లోని ఆసుపత్రికి చేర్చేది అదే. దాన్ని నడిపే ముసలాయనకు చూపు మందగించింది. ఇకమీదట నువ్వే నడపాలని పీర్ సాహెబ్ తన శిష్యుడు దస్తగిరితో చెప్పారు.

దస్తగిరి కింద ఊళ్లో ఓబులేసు దగ్గర నేర్చుకున్నాడు. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఓబులేసు దానిమీంచి కాలు తీసేవాడు కాదు. కోడిపిల్ల అడ్డమొచ్చినా తనే తొక్కేవాడు. అతని దగ్గర నేర్చుకున్నవాళ్లెవరూ కారుకు గీత కూడా పడనివ్వలేదని ఊళ్లో పేరు. దస్తగిరి కూడా ఆ మాట గొప్పగా చెప్పుకు తిరిగాడు.

తర్వాత ఒకరోజు దర్గా వాకిట్లో ఒక్కడే వ్యాను తీశాడు. ఎదురుగా గోడ దగ్గరికొస్తోంది. కాలు కదల్లేదు. పక్కనించి ఇంకెవరో తొక్కుతారని చూస్తూ అలాగే ఉండిపోయింది. వ్యాను వెళ్లి గోడకు గుద్దుకుంది.

పెద్ద నష్టమేమీ జరగలేదు. కానీ వెనక సీట్లో నొప్పులు పడుతున్న మనిషి ఉండుంటే ఏమయ్యేదన్న ఆలోచనకే అతనికి అన్నం సహించలేదు. పీర్ సాహెబ్ దగ్గరికి పోయి కూలబడ్డాడు. ఊళ్లో సుంకమ్మ అని ఇంకొకావిడ కూడా నేర్పుతుందనీ, కారు కదలగానే కాళ్లు సీటుమీదికి తీసుకుని బాసింపట్టు వేసుక్కూర్చుంటుందనీ, ఒక్కరోజు చూసి పారిపోయొచ్చాననీ చెప్పాడు.

"ఓబులేసు దగ్గరే ఇంకో నెల నేర్చుకోమంటారా, హజ్రత్?"

ఆయన లేచి అతన్ని వెంట రమ్మన్నారు. చెప్పులు వేసుకుని కొండ దిగారు. ఓబులేసును కారు అడిగారు, అతన్ని వెనక కూర్చోమన్నారు. అంత పెద్దాయన మాట కాదనలేక ఓబులేసు గొణుక్కుంటూ వెనక్కి పోయాడు. నేర్పేవాడి సీట్లో పీర్ సాహెబ్ కూర్చున్నారు. ఆయన జన్మలో స్టీరింగు పట్టినవారు కాదు.

దస్తగిరిని కొండదారికి పోనిమ్మన్నారు. ఎక్కడం బాగానే ఎక్కింది. భయమంతా దిగేటప్పుడే. పైన కారు తిప్పాక దస్తగిరి, "ఆ బ్రేకు మీద కాలు పెట్టుకోండి హజ్రత్, మీకు దండం పెడతా" అన్నాడు.

పీర్ సాహెబ్ చెప్పులు విడిచారు. రెండు కాళ్లూ పైకి తీసుకుని బాసింపట్టు వేసుకున్నారు.

కారు దిగుతోంది. ఒకపక్క లోయ. దస్తగిరి చూపు దారిమీంచి తిప్పడం లేదు. వెనక ఓబులేసు కాలు ఉత్త నేలను తొక్కుతోంది.

మలుపు తిరగ్గానే దారినిండా గొర్రెలు.

దస్తగిరి పక్కకు చూశాడు. బ్రేకు దగ్గర ఖాళీ చెప్పులున్నాయి. పై ప్రాణాలు పైనే పోయినట్టయింది.

కారు ఆగింది. ఒక గొర్రె వచ్చి బంపరును వాసన చూసి తన దారిన పోయింది. దస్తగిరి తన కాలివంక చూసుకున్నాడు. అది ఇంకా బ్రేకును అదిమిపట్టే ఉంది.

ఓబులేసు దిగి, దారిపక్క రాయిమీద కూర్చుని, గొర్రెల కాపరిని మంచినీళ్లడిగాడు.

"రేపట్నుంచి సుంకమ్మ దగ్గరికి పోతాను" అన్నాడు దస్తగిరి.

పీర్ సాహెబ్ తలూపారు. అప్పుడు చూశాడు దస్తగిరి. ఆయన మొహం పాలిపోయి ఉంది. చేతిలోని జపమాల దారం తెగి, పూసలన్నీ ఒళ్లో పడి ఉన్నాయి.

"మీకూ భయమేసిందా, హజ్రత్?"

"వేసింది నాయనా" అన్నారాయన, పూసలు ఏరుకుంటూ. "అందుకే బ్రేకుకు అందకుండా కాళ్లు పైకి పెట్టుకున్నా."