చెంబు తగలని సమదూరం

రాజుగారి అక్కలిద్దరి మేడలూ వీధికి అటూ ఇటూ ఎదురెదురుగా ఉండేవి. వాళ్ళకి తలంటుపోసే గవరమ్మ గుడిసె ఒకరికి కాస్త దగ్గరైతే చాలు, రెండో ఆవిడ చెంబు విసిరేది. విసిగిపోయిన రాజు, "రెండు మేడలకీ సమానదూరంలో ఉండు. తేడా వచ్చిందో, రాజ్యం వదిలిపోవాలి" అన్నాడు.

నడివీధిలో ఉంటే రెండు చెంబులూ తగులుతాయని గవరమ్మకి తెలుసు. వీధి మధ్యగా తిన్నగా నడిచి, ఊరు దాటి, ఏటి ఒడ్డున గుడిసె వేసుకుంది.

"ఇదేం సమానమే?" అంటూ రాజు పరుగున వచ్చాడు.

"కొలిపించండి దొరా. ఈ వరస తప్పకుండా ఎంత దూరం పోయినా ఇద్దరికీ ఒక్కటే."

తాడుతో కొలిపిస్తే వెంట్రుకవాసి తేడా రాలేదు. పైగా అక్కల అరుపులు ఇక్కడికి వినబడటం లేదు.

రాజు గొంతు తగ్గించి, "గవరమ్మా, ఇదే వరసలో ఏటికి అవతల నాకు జాగా ఉందంటావా?" అన్నాడు.