పావురాల రాళ్లు

పేరు చెబితే వంశస్థులు నొచ్చుకుంటారు గనుక, ఏదో ఒక రాజ్యం అనుకోండి. దాన్ని రణధీరుడనే రాజు ఏలేవాడు. ఆయన రణం ఎప్పుడూ చూడలేదు. పావురాలను పెంచేవాడు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. రాజు గాదెలు తెరిపించి జనానికి బియ్యం పంచాడు. అందులో గింజ ఎంతో రాయి అంత. ముసలివాళ్ల పళ్లు విరిగాయి. కొందరు ధైర్యం చేసి మొరపెట్టుకున్నారు.

"ఊరికే పెట్టిన తిండికి వంకలా? నమలడం నేర్చుకోండి!" అన్నాడు రాజు.

ఆయన గుండె బండ అనుకునేరు. ఒకనాడు పావురాల పళ్లెంలో చిన్న రాయి కనబడితే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వెంటనే వాటిని మట్టినేల మీంచి పాలరాతి మందిరంలోకి మార్పించి, దాసీల చేత ఒక్కో గింజా ఏరించి పెట్టించాడు.

కొద్ది రోజులకే పావురాలకు జబ్బు చేసింది. మెడకింద తిత్తి ఉబ్బే ఉండేది, ఒళ్లు మాత్రం ఎండిపోయేది. ఒకటొకటిగా రాలిపోసాగాయి. ఆస్థాన వైద్యుడు శరభాచార్యులు ఒక పావురం కాలు పట్టుకుని నాడి చూస్తూ చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడని కొందరంటారు. కళ్లు తెరిచి, "కాపరి విషం పెట్టాడు" అని తేల్చాడు.

కాపరి పోలయ్యను మర్నాడు ఏనుగు చేత తొక్కించమని ఆజ్ఞ అయింది.

ఆ సాయంత్రం విదూషకుడు ఓబన్న చెరసాలకు వెళ్లాడు.

"ఏమిరా పోలయ్యా, నిజంగా పెట్టావా?"

"లేదయ్యా. రాళ్లు లేక చస్తున్నాయి. పళ్లు లేని జీవాలు కదా! గింజలతోపాటు నేలమీది చిన్న రాళ్లూ మింగుతాయి. కందనకాయలో ఆ రాళ్లే గింజను నలగ్గొడతాయి. ఇప్పుడు నలగ్గొట్టేదేదీ లేదు."

"మరి దర్బారులో ఆ మాట అనవేం?"

"అంటే చంపింది ప్రభువేనని అన్నట్టు కాదా? విషం పెట్టానంటే నన్నొక్కణ్ణే తొక్కిస్తారు. ప్రభువును తప్పుపడితే మా ఇంటిల్లిపాదినీ తొక్కిస్తారు."

ఈ లెక్కలో ఓబన్నకు పొరపాటేమీ కనబడలేదు. రాజు తప్పు చేయడు. అయితే తప్పు చేసినవాడు ఇంకెవడైనా దొరకాలి. ఆలోచించుకుంటూ ఇంటిదారి పట్టాడు. దారిలో ఒక ముసలమ్మ గుమ్మం ముందు కూచుని, చాటలో రాజుగారి బియ్యం పోసుకుని రాళ్లు ఏరి వీధిలోకి విసురుతోంది. ఓబన్న వంగి గుప్పెడు ఏరుకున్నాడు.

"ఏం బాబూ, కోటలో అవి కూడా అయిపోయాయా?" అంది ముసలమ్మ.

మర్నాడు ఓబన్న రెండు పళ్లేలతో దర్బారుకు వచ్చాడు. ఒకదానిలో చచ్చిన పావురం కందనకాయ, రెండోదానిలో వంటశాల కోడి కందనకాయ. రెండూ కోసి చూపించాడు. పావురం కందనకాయలో గింజలు మింగినవి మింగినట్టే ఉన్నాయి. కోడి కందనకాయలో నున్నటి రాళ్లు, వాటి మధ్య పిండైన గింజలు. రాజు కందనకాయను వేపుడుగా తప్ప చూసి ఎరగడు. వింతగా చూశాడు.

"ప్రభూ, కోడికి రోలూ ఉంది, రోకలీ ఉంది. తమ పావురాలకు రోలుంది, రోకలి లేదు. ఎవరో కాజేశారు."

"ఎవడు వాడు?"

"నోరు రావడం లేదు ప్రభూ. ప్రజలు." ఓబన్న గుప్పెట తెరిచాడు. "తమ గాదెలో గింజంతేసి రాళ్లున్నాయి. పావురాల కోసమే దేవుడు పంపినట్టున్నాయి. వాటిని బియ్యంతో పాటు జనం పట్టుకుపోయి మింగేస్తున్నారు."

రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు. "నా పావురాల రాళ్లు జనం తింటున్నారా!"

"తిండి దొరికిన రోజల్లా, ప్రభూ."

శరభాచార్యులు ఇది శాస్త్రంలో ఉందన్నట్టు తలూపాడు.

"ఇకమీదట బియ్యంతో ఒక్క రాయి బయటికి పోయినా గాదెల అధికారి తల ఉండదు!" అని రాజు గర్జించాడు.

గాదెల దగ్గర బియ్యం ఏరడం మొదలైంది. రాళ్లు పావురాలకు, బియ్యం జనానికి చేరాయి. పావురాలు కోలుకున్నాయి. పోలయ్య ఇంటికి పోయాడు.

కొన్నాళ్లకు కోటగోడ మీద తిరుగుతున్న రాజుకు కింద జనం తనను దీవించడం వినబడింది. అలవాటు లేని మాటలు గనుక అనుమానం వచ్చి ఓబన్నను పిలిపించాడు.

"ఓరి గడుగ్గాయీ! నా చేత జనానికి బియ్యం ఏరించావా?"

"తమరు పావురాల మీద కురిపించిన దయ ప్రభూ, కాస్త కిందికి ఒలికింది."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఓబన్నకు శాలువా కప్పాడు.

కథ ఇక్కడ ఆగితే అందరికీ బాగుండేది.

ఆ చలికాలం రాజుకు పావురాల మీద మోజు తీరింది. వాటిని ఒక సామంతుడికి కానుకగా పంపేసి డేగను తెప్పించాడు. దాన్ని చేతిమీద నిలుపుకుని, "దీనికీ రాళ్లు పెట్టాలా?" అని సభను అడిగాడు.

'రెట్టింపు పెట్టాలి' అనడానికి ఓబన్న నోరు తెరిచాడు. అంతలో పోలయ్య ముందుకొచ్చాడు. ప్రాణం దక్కినప్పటి నుంచి అతనికి దర్బారంటే భయం పోయింది.

"అక్కర్లేదు మహాప్రభో! ఇది గింజలు తినే జాతి కాదు. మాంసం చీల్చుకు తింటుంది. దాని కడుపులోని పులుపుకే అది కరిగిపోతుంది. కరగని బొచ్చూ ఈకలూ ఉండ చుట్టి కక్కేస్తుంది. రాయితో పనే లేదు."

"భేష్! అయితే ఆ ఏరుడు ఆపించెయ్" అన్నాడు రాజు గాదెల అధికారితో.

నిజం చెప్పినందుకు మెచ్చుకుని, నవ్వుతూ పోలయ్య చేతికి వెండి కడియం తొడిగాడు. రాజు నవ్వాడు గనుక సభంతా నవ్వింది. ఓబన్న కూడా నవ్వాడు. అతని కొలువే అది.