చీమలకు లైను దొరికిన రోజు

ఒకప్పుడు చీమలకు బారులు తీరడం తెలియదు. ఒకటి తూర్పుకి పోతే ఒకటి పడమటికి పోయేది. ఇంకొకటి ఉత్తినే గుండ్రంగా తిరిగేది. సంతలో తప్పిపోయిన పిల్లల్లా ఉండేవి.

మరి ఇంటికెలా చేరేవంటారా? ప్రతి పుట్టకీ ఒక దారవ్వ ఉండేది. దారులన్నీ ఆవిడకు నోటికి వచ్చు. పొద్దున్నే చీమలన్నీ చుట్టూ చేరితే, "గవ్వ దాటాక ఎండిన రొయ్య తల, దాని పక్కన తాటిమట్ట, మట్ట కింద నుంచి ఎడమకి" అని పాఠం చెప్పేది. బుద్ధిగా విన్నవి ఇల్లు చేరేవి. కునికిపాట్లు పడ్డవి తప్పిపోయేవి.

సముద్రం ఒడ్డున, ఎండుచేపలు ఆరబెట్టే దిబ్బ పక్కన ఒక పుట్ట ఉండేది. దాని దారవ్వ పేరు నూకాలవ్వ.

నూకాలవ్వ ముసలిదైపోయింది. కాళ్ళు ఒంటిని మోయలేక, పొట్ట నేలకు రాసుకుంటూ నడిచేది. ఆవిడ మనవరాలు పైడికి అది చూస్తే నవ్వు.

"అవ్వా, నేల ఊడుస్తున్నావా? ఆ మూల వదిలేశావు, అది కూడా ఊడ్చెయ్!" అనేది.

"నా వయసు నీకూ వస్తుందిలేవే, అప్పుడు చూస్తాను నీ పరుగులు" అనేది అవ్వ.

కాళ్ళ సంగతి ఆవిడకు బెంగ లేదు. బెంగంతా తల గురించే. మొన్నామధ్య పాఠంలో గవ్వను రొయ్య తల తర్వాత చెప్పింది. చీమలు బిత్తరపోతే, "మీరు వింటున్నారో లేదో చూశానర్రా" అని సర్దేసింది. కానీ తన తలలోంచి ఎవరో గింజ తర్వాత గింజ మోసుకుపోతున్నట్టు అనిపించింది. ఎవరికీ చెప్పలేదు.

ఇంతలో వానాకాలం వచ్చింది. పుట్ట పల్లంలో ఉంది. నీళ్ళొస్తే గుడ్లన్నీ కొట్టుకుపోతాయి. అందుకని ఒకరోజు నూకాలవ్వ ఒంటరిగా వెళ్ళి, మెరకలో పొడి తొర్ర ఒకటి వెతికి వచ్చింది. ఆ చోటు ఇంకెవరికీ తెలియదు.

తెల్లారేసరికి సముద్రం మీద నల్లటి మబ్బు కమ్ముకుంది. చీమలన్నీ తలా ఒక తెల్లటి గుడ్డు నోట కరుచుకుని నిలబడ్డాయి. పైడి తన గుడ్డును కింద దించి, "ఎటు వెళ్ళాలవ్వా? తొందరగా చెప్పు" అంది.

నూకాలవ్వ నోరు తెరిచింది. గవ్వ లేదు, మట్ట లేదు. తల ఖాళీ గిన్నెలా ఉంది.

"ఉండండర్రా, గాలి ఎటుందో చూసొస్తాను" అని చెప్పి, దిబ్బ చాటుకు పోయి ఏడ్చింది.

"ఎందుకమ్మా ఏడుస్తున్నావు?" అని ఎవరో అడిగారు.

చూస్తే, ఇసుకలో పీలికలైన పాత గాలపు తాడు. ఓడలోంచి జారిపడి ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

"తాడు మాట్లాడుతుందా!"

"మాట్లాడేది తాడు కాదు. నేను మాటని. నా పేరు లైను. ఇంగ్లీషు దొరల ఓడలో వచ్చాను. ప్రస్తుతానికి ఈ తాడులో కాపురం."

"మీదే ఊరు బాబూ?"

"మాది నీలిపూల అవిసె చేను. సముద్రాలకు అవతల. అవిసె కాడలోంచి నార తీసి, దారం పేనితే నేను పుట్టాను. మేం ఇద్దరు అన్నదమ్ములం. ఒకడు పడవవాళ్ళతో ఒక దేశం పోయి తాడయ్యాడు. ఇంకొకడు మేస్త్రీల వెంట ఇంకో దేశం పోయాడు. గోడ వంకరగా ఉందో లేదో చూడటానికి దారం లాగి కడతారే, ఆ పని. చివరికి ఇద్దరం ఇంగ్లీషువాళ్ళ ఊళ్ళో కలిసి ఒక్కరమైపోయాం. చూడు, ఈ తాడులో రెండు పేటలున్నాయి."

నూకాలవ్వ ఏడుపు మరిచి వింటోంది.

"అక్కడ నాకు చేతినిండా పని. కాగితం మీద గీత నేనే. పద్యంలో పాదం నేనే. నిలబడ్డ సిపాయిల వరుస నేనే. దొరసాని నుదుటి మీద ముడత కూడా నేనే. ఆవిడకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పరు."

అవ్వకు నవ్వొచ్చింది. "అమ్మో, ఇంత చిన్నవాడివి ఇన్ని మోస్తున్నావా! మరి ఇన్ని పనుల్లో పడి నువ్వెవరివో మరిచిపోలేదా?"

"మరిచిపోతూనే ఉంటానమ్మా. అవిసె పువ్వు ఎలా ఉంటుందో అడిగితే చెప్పలేను. కానీ ఏ పనిలో ఉన్నా, ఇక్కణ్ణుంచి అక్కడికి సాగడం ఒక్కటి వదల్లేదు. అది తలలో దాచుకునేది కాదు, నేల మీద పరిచేది. అదిగో, అల నన్ను ఈడ్చుకొచ్చిన చోటు చూడు."

నూకాలవ్వ చూసింది. తడి ఇసుక మీద తాడు ఈడ్చిన జాడ, నీళ్ళ దగ్గర్నుంచి ఇక్కడిదాకా సన్నగా ఉంది.

ఆవిడ ఆ జాడ వంకా, నేలకు రాసుకునే తన పొట్ట వంకా చూసుకుంది. గిరుక్కున తిరిగి, పొట్ట ఈడ్చుకుంటూ పుట్ట దగ్గరకు పరిగెత్తింది.

"పైడీ! ముక్కు నేలకు ఆనించవే! నిన్న నేను ఊడ్చిన చోటు వెతుకు!"

"ఇదేం ఆటవ్వా, వానొచ్చేస్తుంటే?"

"ఆట కాదే తల్లీ. నాకు దారి గుర్తు లేదు. మరిచిపోయాను." అందరి ముందూ అనేసింది. "కానీ నా పొట్టకు గుర్తుంది. దాని వాసన నేల మీద ఉండాలి. వాన పడితే అదీ పోతుంది."

పైడి నవ్వలేదు. వంగి వాసన చూసింది. గవ్వ వైపు లేదు. మట్ట వైపు లేదు. మొగలిపొద వైపు తిరగ్గానే అరిచింది. "ఉందవ్వా! నీ వాసనే! ఇటు సాగింది!"

"అయితే ఒకరి వెనక ఒకరు రండి. పొట్టలు నేలకు రాయండి. లైను తెగకూడదు!"

పైడి ముందు, గుడ్లతో చీమలన్నీ వెనక. సగం దారిలో టప్పున ఒక చినుకు లైను మధ్యలో పడింది. వెనకవాళ్ళకు వాసన అందక చెల్లాచెదురయ్యారు. పైడి వెనక్కి వచ్చి, ఒక్కొక్కరి మూతికి మూతి ఆనించి, "దారి ఉంది, ఇటు" అని చెప్పి కలిపేసింది. వాన జోరందుకునే సరికి ఆఖరి గుడ్డు కూడా తొర్రలోకి చేరింది.

నూకాలవ్వను ఇద్దరు మోసుకొచ్చారు. పైడి ఆవిడ కాళ్ళు తుడుస్తూ, "అవ్వా, రేపట్నుంచి నేనూ నీలాగే ఊడుస్తాను" అంది.

ఆ వానకు తాడు సముద్రంలో కొట్టుకుపోయింది. మాట మాత్రం మన ఊళ్ళోకి వచ్చేసింది. రైలు పట్టాలు రమ్మంటే వెళ్ళింది. కరెంటు తీగలు పిలిస్తే వెళ్ళింది. రేషను షాపు ముందు సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్ళకూ కాదనలేదు.

అప్పటినుంచే చీమలు బారుగా, పొట్ట నేలకు రాస్తూ నడుస్తున్నాయి. మీరు ఆ బారుకు అడ్డంగా వేలితో రుద్ది చూడండి. కాసేపు తికమకపడతాయి. తర్వాత ఎదురొచ్చిన ప్రతి చీమా ఆగి, మూతికి మూతి ఆనించి, దారి అడిగి ముందుకు సాగుతుంది. మరిచిపోయానని చెప్పడానికి ఈనాటికీ ఒక్క చీమ కూడా సిగ్గుపడదు.