గవరయ్య వేసిన ఒక్క తాళం

గుండ్లవాగు అడవిలో జంతువులకు ఒక కంప్యూటర్ ఉండేదంటే నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు, అక్కడివాళ్లకు మాత్రం అదే ప్రాణాధారం. వాన పడ్డప్పుడు కొండమీంచి నీళ్లు ఎంత జోరుగా దిగుతున్నాయో లెక్కగట్టి, గట్టున బొరియలున్నవాళ్లను ముందే ఖాళీ చేసి పొమ్మని చెప్పడం దాని పని. పోయిన వానాకాలం అది నోరు విప్పేసరికి ముళ్లపంది పైడమ్మ బొరియలోకి నీళ్లు వచ్చేశాయి. పిల్లల్ని ఒక్కొక్కరినీ నోట కరుచుకుని ఎలాగో బయటపడింది.

సింహరాజు మనసు కరిగి ఎనిమిది ప్రాసెసర్ల కొత్త యంత్రం తెప్పించాడు. పాతదాంట్లో ఉండేది ఒక్కటే. ఎనిమిదిమంది కూర్చుని లెక్క కడితే పని చిటికెలో అయిపోవాలి కదా? అవలేదు. కొత్తది కూడా పాతదానిలాగే ఈసురోమంటూ నడిచింది.

కారణం కెర్నెల్ అనే పెద్ద ప్రోగ్రాము. యంత్రంలో ఎవరికి చోటు కావాలన్నా, దాచిన లెక్క తీయాలన్నా, బయటికి కబురు పంపాలన్నా ముందు దాన్నే అడగాలి. పాత యంత్రం రోజుల్లో దాన్ని రాసినవాడు నక్క గవరయ్య. కొత్తది వచ్చాక, ఎనిమిదీ ఒకేసారి చొరబడి ఒకదాని లెక్క ఒకటి చెరిపేయకుండా, అతను చేసిందల్లా కెర్నెల్ గుమ్మానికి ఒక్క పెద్ద తాళం వేయడం. ఒక ప్రాసెసర్ తాళంచెవి పట్టుకుని లోపలికి పోతే మిగతా ఏడూ, ఏ పనిమీద వచ్చినా సరే, బయట గోళ్లు గిల్లుకుంటూ నిలబడాల్సిందే.

పైడమ్మ కూడా ఆ కంప్యూటర్ దగ్గరే ప్రోగ్రాములు రాసేది. ఒక్క తాళం తీసేసి చోటుకొకటి, లెక్కలకొకటి, కబుర్లకొకటి పెడదామని గవరయ్యను ఎన్నోసార్లు బతిమాలింది. అతను చెవిన పెట్టలేదు. కెర్నెల్ లోపల ఏముందో తనకొక్కడికే తెలియడంలోనే ఉంది అతని పెద్దరికమంతా. పైగా ఆ ప్రాసెసర్లే పనిదొంగలని, యంత్రాన్ని తిప్పి పంపేయమని రాజుగారి చెవిలో ఊదాడు.

పైడమ్మకు ఒళ్లు మండింది. కొండమీద మబ్బు పడుతోంది, పిల్లలింకా ఆ బొరియలోనే ఉన్నారు. పిలవకుండానే కొలువులోకి వచ్చి, ముళ్లు విప్పుకుని నిలబడింది.

"యంత్రం ఎక్కడికీ పోదు దొరా. పోవాల్సింది ఆ తాళం."

గవరయ్య మెత్తగా నవ్వాడు. "తాళాలు ఎక్కువైతే కొంప మునుగుతుంది పైడమ్మా. ఒకడు చోటు తాళం పట్టుకుని లెక్కల తాళం కోసం చూస్తాడు. ఇంకొకడు లెక్కల తాళం పట్టుకుని చోటు తాళం కోసం చూస్తాడు. ఇద్దరూ అక్కడే ఎండిపోతారు."

"అందరూ ఒకే వరసలో తీసుకోవాలని కట్టడి పెడతాను. ముందు చోటు, తర్వాతే లెక్కలు. అప్పుడు చిక్కుపడేవాడుండడు. నీ భయం నిజమైందే మామా, కాదనను. దాని చాటున దాక్కోవద్దంటున్నాను."

రాజు జూలు గోక్కున్నాడు. ఏ మాటా బుర్రకెక్కలేదు. అప్పుడు పైడమ్మ గొంతు తగ్గించింది. గవరయ్య మామ పద్ధతి అంత మంచిదైతే రేపొక్కరోజు అడవంతా పాటిద్దామంది. రాజుగారి దగ్గర ఒక్కటే తాళంచెవి. తినాలన్నా, తాగాలన్నా, నీడన పడుకోవాలన్నా అది పుచ్చుకుని వెళ్లాలి. ఆ ఒక్క పనీ ముగించి తిరిగి తెచ్చిస్తేగాని ఇంకొకరు కదలకూడదు.

గవరయ్య ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. తెల్లారకముందే లేచి తానే ముందు నిలబడతాడు, ఇంకేం కావాలి?

అలాగే నిలబడ్డాడు కూడా. తాళంచెవి అందుకుని, వాగు ఇసకలో ఎండ్రకాయలు కడుపు పగిలేలా మెక్కి వచ్చాడు. మెక్కాక దాహం వేసింది. మళ్లీ చెయ్యి చాచేసరికి చెవి తాబేలు సన్యాసయ్య మెడలో ఉంది. పైడమ్మ ముందురోజే ఆ ముసలాయన్ని బతిమాలి రెండోవాడిగా నిలబెట్టింది. ఆయన గడ్డి మేయడానికి కొండపైకి బయల్దేరాడు.

ఎండ ముదిరింది. గవరయ్య నాలుక పిడచగట్టుకుపోయింది. వాగు ఎదురుగానే పారుతోంది, దాని దగ్గర పురుగు కూడా లేదు. అడుగు ముందుకు వేద్దామంటే రాజు కళ్లు తనమీదే ఉన్నాయి. సన్యాసయ్య ఇంకా కొండ సగం కూడా ఎక్కలేదు.

చివరికి గవరయ్య తట్టుకోలేకపోయాడు. "ఆ ముసలాడు మేసే గడ్డికీ నేను తాగే నీళ్లకీ ఏంటి సంబంధం దొరా? గడ్డికో తాళం, నీళ్లకో తాళం పెడితే ఎవరి దారిన వాళ్లం పోతాం కదా!"

కొలువంతా అతని వైపు తిరిగింది.

"నేనింతకాలం అడిగింది అదే దొరా," అంది పైడమ్మ.

రాజుకు ఇప్పుడు అర్థమైంది. కెర్నెల్ ఆ పూటే పైడమ్మ చేతికి వచ్చింది. ఆమె గుమ్మం తాళం పీకేసి, పనికో తాళం పెట్టి, వరస కట్టడి చేసింది. వాన దిగిననాడు ఎనిమిది ప్రాసెసర్లూ దేని పని అది చేసుకున్నాయి. నీళ్లు కొండ మలుపు దగ్గరుండగానే కబురు గట్టుకు చేరింది. పైడమ్మ పిల్లలు తమ కాళ్లమీద తామే నడుచుకుంటూ మిట్టకెక్కారు. తాళాలన్నిటి సంగతీ పైడమ్మ అడవిలో అందరికీ విప్పి చెప్పేయడంతో, గవరయ్యను సలహా అడగడానికి మరి ఎవరూ రాలేదు.

నీతి: నలుగురి దారికీ అడ్డం కూర్చున్నవాడికి, ఆ అడ్డం తనకే తగిలినరోజున న్యాయం నోటికొస్తుంది.