లాస్య టేబుల్ నిలబడిన రోజు

సుగుణ యాదగిరిని పెళ్లి చేసుకుని ఆ ఇంట్లో అడుగుపెట్టి మూడు నెలలైంది. ఇల్లు అలవాటైంది, మనిషీ అలవాటయ్యాడు. దగ్గర కానిది ఒక్క లాస్యే.

లాస్య యాదగిరి మొదటి భార్య రజిత కూతురు. రజిత జబ్బుచేసి పోయి రెండేళ్లు దాటింది. తొమ్మిదేళ్ల పిల్ల ఎదురు చెప్పదు, అల్లరి చేయదు, పెట్టింది తింటుంది. కానీ సుగుణను ఇంతవరకూ ఏమనీ పిలవలేదు. చిన్నమ్మా అని కూడా అనలేదు. దాహం వేస్తే గోడతో చెప్పినట్టు "నీళ్లు" అంటుంది, అంతే.

సుగుణ చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. కుట్టుమిషన్ మీద పిల్లకు రెండు కొత్త గౌన్లు కుట్టింది. పాత పరదాలు తీసేసి పువ్వులవి కట్టింది. ఫోన్‌లో చూసి నేర్చుకుని నాలుగు పాయల జడ వేయడం మొదలుపెట్టింది. ఆ జడను లాస్య రోజూ బడికి వెళ్లే దారిలో విప్పేసుకుంటోందని పక్కింటావిడ చెప్పింది. ఆ రోజు సుగుణ మిషన్ దగ్గర కూర్చుని ఏడ్చింది.

మా గురువుగారు వీరదాసు గారికి జనగామలో గొడుగులూ స్టవ్‌లూ బాగుచేసే కొట్టు ఉంది. పున్నమి పున్నమికీ శిష్యులమైన మాకు అచల బోధ, అంటే కదలని పరతత్వం గురించిన బోధ, చెబుతారు. చెబుతారని పేరేగానీ, గంటసేపు కూర్చుంటే నాలుగు మాటలు రాలితే గొప్ప. ఆ నాలుగు మాటల కోసం సుగుణ పెళ్లికి ముందు నుంచీ వస్తోంది. ఈసారి ఆయన్ను ఆదివారం మధ్యాహ్నం తన కొత్త ఇంటికి భిక్షకు పిలిచింది.

అదే రోజు సాయంత్రం లాస్య అమ్మమ్మగారి ఊరి నుంచి తిరిగొస్తోంది. ఆ పిల్ల వచ్చేసరికి టేబుల్ నిలబెట్టాలని సుగుణ పంతం పట్టింది.

అది రజిత లాస్య కోసం తెప్పించిన టేబుల్. అట్టపెట్టెలో ముక్కలుగా వస్తే, ఇంట్లో మనమే స్క్రూలు బిగించుకునే రకం. రజిత తనే కూర్చుని బిగించిందట. ఇల్లు మారినప్పుడు యాదగిరి దాన్ని విప్పి, తాడుతో కట్టి, బీరువా వెనక పెట్టి మరిచిపోయాడు. అప్పటినుంచీ లాస్య నేల మీద బోర్లా పడుకునే హోంవర్కు రాస్తోంది.

గురువుగారు గుమ్మంలోకి వచ్చేసరికి సుగుణ చెక్కల మధ్య కూర్చుని ఉంది. చేతిలో స్క్రూడ్రైవర్, నుదుటి మీద చెమట. రంపపు పొట్టును అదిమి చేసిన ఆ చెక్కకు సహనం తక్కువ. ఆమె బలమంతా పెట్టి తిప్పిన చోట కన్నం వదులైపోయి, స్క్రూ గిర్రున ఊరికే తిరుగుతోంది. కిందంతా చిటికెడు చిటికెడు పొట్టు రాలింది.

"ఒక్క నిమిషం అయ్యగారూ, కాళ్లకు నీళ్లిస్తా. ఇది నా మాట ఇంటలేదు."

"ఏది?" అన్నారు గురువుగారు.

సుగుణ స్క్రూడ్రైవర్ కింద పెట్టేసింది. "ఏదీ ఇంటలేదు" అంది. "నేనేం తక్కువ చేసిన అయ్యగారూ? అన్నీ కొత్తయే కుట్టిన, అన్నీ కొత్తగనే నేర్చుకున్న. ఆ పిల్లను ఎట్ల కలుపుకోవాల్నో జెర చెప్పుండ్రి."

గురువుగారు పంచె ఎగ్గట్టుకుని ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడ్డారు.

"ఆ స్క్రూ ఇటియ్యి బిడ్డా."

ఆమె ఇంకా ముట్టని ఒక కన్నంలో స్క్రూ నిలబెట్టి, మెల్లగా ఎడమవైపు తిప్పడం మొదలుపెట్టారు.

"అటు కాదయ్యగారూ, అది ఊడదీసే దిక్కు."

"ముందుగాల ఎడమదిక్కే. సప్పుడు చెయ్యకు."

ఆయన తల వంచి చెవి చెక్కకు దగ్గరగా పెట్టారు. సుగుణ లేచి ఫ్యాన్ కూడా ఆపేసింది. స్క్రూ వెనక్కి, ఇంకా వెనక్కి తిరిగింది. లోపలెక్కడో టక్కుమని చిన్న చప్పుడైంది. స్క్రూ వెంట్రుకవాసి కిందికి దిగింది.

ఆయన స్క్రూడ్రైవర్ ఆమె చేతికిచ్చారు. "ఇగ కుడిదిక్కు తిప్పు. బలం పెట్టకు."

సుగుణ రెండు వేళ్లతో తిప్పింది. స్క్రూ సాఫీగా దిగి, చివర గట్టిగా పట్టుకుంది. టేబుల్ కాలు పట్టుకుని ఊపి చూసింది. కదల్లేదు.

"నేను ఇంతసేపు గుద్ది గుద్ది ఎక్కించిన. ఇప్పుడేంది, తెలిసిన ఇంటికి పోయినట్టు పోయింది?"

"ముందు బిగించినామె మంచిగ బిగించింది. స్క్రూ తిరిగిన ఆ గాడి లోపల ఇంక ఉన్నది" అన్నారు గురువుగారు.

మిగతావన్నీ సుగుణే బిగించింది. ఎడమకు తిప్పడం, చెవి పెట్టి వినడం, టక్కుమన్నాక కుడికి తిప్పడం. మూడోదానికి కళ్లు మూసుకునే చేసింది. చివరికి ఆమె పాడుచేసిన కన్నం ఒక్కటి మిగిలింది.

"దీన్ని నేనే ఖరాబు చేసిన" అంది నేల చూస్తూ.

గురువుగారు అగ్గిపెట్టె అడిగారు. రెండు పుల్లల తలలు తుంచేసి, బంకలో ముంచి, కన్నంలోకి దూర్చి, పైన మిగిలినది విరిచేశారు.

"పట్టుకుంటదా?"

"పట్టుకుంటది. ముందు ఎండాలె. రేపటిదాక దీంట్ల స్క్రూ పెట్టకు."

"పిల్ల సాయంత్రమే వస్తది గద అయ్యగారూ!"

"రానియ్యి" అని ఆయన చేతులు కడుక్కోవడానికి లేచారు. "పచ్చిపులుసు చేసినవా?"

పచ్చిపులుసు రెండుసార్లు వేయించుకుని తిని, గొడుగు పట్టుకుని వెళ్లిపోయారు. దారి చెప్పమంటే స్క్రూ బిగించి పోయారేమిటని సుగుణ కొంచెం చిన్నబుచ్చుకుంది కూడా. ఆ మాట తర్వాత తనే మాకు నవ్వుతూ చెప్పింది.

సాయంత్రం యాదగిరి లాస్యను బస్సు దింపుకుని తీసుకొచ్చాడు. పిల్ల టేబుల్‌ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. సంచీ కింద పెట్టి, దగ్గరకు వెళ్లి, అంచు వెంబడి అరచేత్తో నిమిరింది. వంగి కాళ్లు చూసింది.

"ఇక్కడ పుల్లలేంది?"

"అక్కడ నేను ఖరాబు చేసిన. ఎండుతున్నది. రేపు బిగిస్త" అంది సుగుణ.

లాస్య ఆమె మొహంలోకి ఒకసారి చూసింది. కుర్చీ లాక్కుని టేబుల్ ముందు కూర్చుంది.

బస్సు గాలికి జుట్టంతా చిక్కుపడి ఉంది. సుగుణ దువ్వెన తీసుకుని వెనక నిలబడింది. అలవాటుగా నడిమధ్య పాపిడి తీసి, నాలుగు పాయలు చేసింది. అప్పుడు ఆమె చూపు టేబుల్ కాలి మీద పడింది. చేతులు ఆగిపోయాయి. పాయలు ఒక్కొక్కటే వదిలేసింది.

"లాస్యా, మీ అమ్మ నీకు పాపిడి ఎట్ల తీస్తుండె?"

సుగుణ తొందరపెట్టలేదు. ఊపిరి బిగబట్టి, పిల్ల తల మీదికి వంగి అలాగే నిలబడింది.

చాలాసేపటికి లాస్య వేలు పైకి లేచింది. తల మీద ఒక గీత గీసింది.

"పక్కకు."

సుగుణ దువ్వెన జరిపింది. "ఇట్లనా?"

"ఇంకొంచెం ఎడమదిక్కు, చిన్నమ్మా."